పెద్దాయన ‘పర్వాలేదు’ అంటే డాక్టరుకు ఏమని చెప్పాలి?

తత్త్వశాస్త్రం అనగానే మనలో చాలామందికి ఆత్మ, పరమాత్మ, వేదాంతం గుర్తొస్తాయి. అందులో భాష గురించే ఆలోచించే శాఖ ఒకటుంది. ఇంగ్లీషులో ఫిలాసఫీ ఆఫ్ లాంగ్వేజ్ అంటారు. మాటకు అర్థం ఎక్కడి నుంచి వస్తుంది, ఒకరు అన్నది ఇంకొకరికి ఎలా అందుతుంది, ఈ భాషలో మాటకు ఆ భాషలో సరైన మాట ఇదేనని దేన్నిబట్టి అంటాం? ఇలాంటివి దాని ప్రశ్నలు. పనీపాటా లేనివాళ్ళ వ్యవహారంలా కనిపిస్తుంది. నాకు మాత్రం ఎమర్జెన్సీ రూములో నిమిషానికోసారి అవసరపడే విద్య ఇది.

నేను అమెరికాలో ఆస్పత్రులకు తెలుగు ఇంటర్‌ప్రెటర్‌గా పని చేస్తాను. ఎక్కువగా ఫోనులో, అప్పుడప్పుడు వీడియోలో. అవతల సాధారణంగా పిల్లల దగ్గర ఆరు నెలలు ఉండిపోదామని వచ్చిన అమ్మో నాన్నో ఉంటారు. పేషెంట్ల వివరాలు బయటపెట్టకూడదు కాబట్టి ఇక్కడ నేను చెప్పేవన్నీ మన ఇళ్ళలో ఎవరైనా అనే మాటలే, ఏ ఒక్కరి కథా కాదు.

మాటకు అర్థమేమిటని అడిగితే తేలిగ్గా తోచే జవాబు ఒకటుంది. లోకంలో వస్తువులున్నాయి, వాటికి మనం పేర్లు అంటించాం, ఏ పేరు దేనికి అంటించామో అదే దాని అర్థం. కుర్చీ అంటే అదిగో ఆ కుర్చీ. ఈ లెక్కన ఇంటర్‌ప్రెటర్ పని ఒక చీటీ పీకి ఇంకో చీటీ అంటించడమే. ఇంక మనిషెందుకు, ఫోనులో యాప్ చాలు కదా అని మన పిల్లలు అడుగుతూనే ఉంటారు.

ఇంగ్లీషు మాటలతోనే మొదలుపెడదాం, అక్కడ అనువాదమే అక్కర్లేదు కదా! మన పెద్దవాళ్ళు ‘నాకు బీపీ ఉంది, షుగర్ ఉంది’ అంటారు. అవే మాటలు అలాగే అప్పజెప్తే కొత్త డాక్టరు అయోమయంగా చూస్తారు. బీపీ లేని మనిషెవరు? షుగర్ అందరి రక్తంలోనూ ఉంటుంది. బీపీ అంటే రక్తపోటు ఎక్కువగా ఉండటమని, షుగర్ అంటే మధుమేహమని మన ఊళ్ళలో ఆ మాటలు స్థిరపడ్డాయి. ‘మోషన్స్ అవుతున్నాయి’ కూడా అంతే. అవి ఇంగ్లీషు మాటలే అయినా గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఇల్లు కట్టుకుని అక్కడి మనుషులైపోయాయి. మాట శబ్దంలో అర్థం లేదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

చీటీల సిద్ధాంతానికి అసలు పెద్ద దెబ్బ కొట్టినవాడు గాట్‌లోబ్ ఫ్రేగె అనే జర్మన్ గణిత శాస్త్రవేత్త. 1892లో రాసిన వ్యాసంలో ఆయన ఇచ్చిన ఉదాహరణ ఆకాశంలోది. తెల్లవారుజామున తూర్పున మెరిసేదాన్ని మనం వేగుచుక్క అంటాం. కొన్ని నెలల్లో సాయంత్రం పడమట అంతే ధగధగా ఒక చుక్క కనిపిస్తుంది. రెండూ ఒకటే, శుక్రగ్రహం. పేరుకు అర్థం వస్తువే అయితే ‘వేగుచుక్కే ఆ సాయంత్రపు చుక్క’ అనడమూ, ‘వేగుచుక్కే వేగుచుక్క’ అనడమూ ఒకటే కావాలి. కానీ మొదటిది మనుషులు ఆకాశాన్ని గమనించి తెలుసుకున్న సంగతి, రెండోది చెప్పినా చెప్పకపోయినా ఒకటే. కాబట్టి పేరుకు రెండు ముఖాలున్నాయన్నాడు ఫ్రేగె: అది చూపించే వస్తువు ఒకటి, ఆ వస్తువు మనకు కనిపించే తీరు ఇంకొకటి.

చుక్కల సంగతి పక్కన పెట్టి మందుల డబ్బా తెరవండి. ఇండియా నుంచి వచ్చేవాళ్ళ సూట్‌కేసులో డోలో 650 లేకుండా ఉండదు. ఇక్కడ కొడుకు జ్వరానికి టైలెనాల్ కొనిస్తాడు. డోలోలో ఉన్న మందును ఇండియాలో పారాసిటమాల్ అంటారు. టైలెనాల్‌లో ఉన్నదాన్ని అమెరికాలో ఎసిటమినోఫెన్ అంటారు. రెండూ ఒకటే మందు. ‘అత్తయ్యగారు రోజుకు మూడు డోలోలు వేసుకుంటున్నారు’ అని కోడలికి తెలుసు. 500 మిల్లీగ్రాముల టైలెనాల్ పూటకు రెండు చొప్పున మూడు పూటలా ఇస్తున్నానని కూడా తెలుసు. అవి రెండూ ఒకటేనని మాత్రం తెలియదు. డోలో 1950, టైలెనాల్ 3000, వెరసి రోజుకు 4950 మిల్లీగ్రాములు. పెద్దవాళ్ళకు సాధారణంగా 4000 దాటకూడదంటారు, దాటితే కాలేయానికి ప్రమాదం. జలుబు సిరప్పుల్లో కూడా ఇదే మందు వేరే పేరు చాటున ఉంటుంది. ఇంట్లో ఎవరి దగ్గరా తప్పుడు సమాచారం లేదు. ఒకే వస్తువుకు రెండు పేర్లుంటే, ఆ రెండూ ఒకటేనని తెలుసుకోవడం విడిగా సంపాదించాల్సిన జ్ఞానం. ఫ్రేగె చెప్పిందీ ఇదే. అందుకే ‘మందులేమైనా వాడుతున్నారా’ అన్న ప్రశ్నకు మన పేషెంటు బ్రాండు పేరు చెప్తే నేను దాన్ని యథాతథంగా చెప్పి, ‘ఇది ఇండియా బ్రాండు, అందులో ఏ మందుందో కనుక్కోవాల్సి ఉంటుందని ఇంటర్‌ప్రెటర్ మనవి’ అని చేరుస్తాను.

నన్ను నేను ‘ఇంటర్‌ప్రెటర్’ అని ఎవరినో అన్నట్టు చెప్పుకోవడం మా వృత్తి నియమం. దీని వెనకా తత్త్వశాస్త్రం ఉంది. పేషెంటు ‘నాకు గుండెల్లో నొప్పి’ అంటే నేనూ ఇంగ్లీషులో ‘నాకు గుండెల్లో నొప్పి’ అనే అనాలి. ‘ఆమెకు నొప్పిగా ఉందంటోంది’ అనకూడదు. అప్పుడు నా నోట్లోని ‘నేను’ నేను కాదు, ఆమె. ‘నేను, నువ్వు, ఇక్కడ, ఇప్పుడు, నిన్న’ లాంటి మాటలకు నిలకడైన వస్తువంటూ లేదు. ఉన్నదల్లా ఒక నియమం: ఎవరు పలికితే వాళ్ళు ‘నేను’, ఎక్కడ పలికితే అది ‘ఇక్కడ’. ఈ నియమాలను 1970ల్లో డేవిడ్ కప్లాన్ అనే అమెరికన్ తత్త్వవేత్త లోతుగా విడమరిచాడు. మేము రోజూ ఆ నియమాన్ని కావాలనే మీరుతాం కాబట్టి, నా సొంత మాట చెప్పాల్సి వచ్చినప్పుడు నాకు ‘నేను’ మిగలదు. ‘ఇంటర్‌ప్రెటర్’ అనే పేరు అరువు తెచ్చుకోవాలి.

ఇంతకన్నా చిక్కు ‘మేము, మనం’ దగ్గర వస్తుంది. ఇంగ్లీషులో రెంటికీ ఒకటే మాట. హిందీలోనూ అంతే. తెలుగులో, తమిళంలో, మలయాళంలో వింటున్నవాళ్ళను కలుపుకునే మాట వేరు, వదిలేసే మాట వేరు. సర్జన్ గదిలోకి వచ్చి, ట్యూబు తీసేద్దామని నిర్ణయం జరిగిందని ‘వియ్’తో చెప్తారు. నేను తెలుగులో నోరు తెరవాలంటే ముందు ఒకటి తేల్చుకోవాలి. ‘మేము నిర్ణయించాం’ అంటే డాక్టర్లు నిర్ణయించేశారు, నీకు చెప్పడానికి వచ్చారు. ‘మనం నిర్ణయించుకున్నాం’ అంటే కుటుంబంతో మాట్లాడారు, మీరూ ఒప్పుకున్నారు. మంచం మీద ఉన్న మనిషికి ఈ రెంటికీ మధ్య ఎంత దూరముందో చెప్పక్కర్లేదు. ఇంగ్లీషు వాక్యంలో ఆ సమాచారం లేదు. తెలుగు వాక్యం అది లేకుండా ముందుకు కదలదు. అప్పుడు ఆపి అడగడం తప్ప దారి లేదు. ‘వియ్ అంటే ఎవరెవరో ఇంటర్‌ప్రెటర్‌కు స్పష్టత కావాలి’ అంటే కొందరు డాక్టర్లు వింతగా చూస్తారు, కొందరు నిజంగా ఆగి ఆలోచిస్తారు. భాష మన ఆలోచనను బంధిస్తుందా అని పెద్ద చర్చ ఉంది. బంధిస్తుందని నేననుకోను. కానీ ఏ భాషకా భాష కొన్ని సంగతులు చెప్పి తీరాలని బలవంతం చేస్తుంది. దీన్ని ఫోనులోని యాప్ అడగదు, ఏదో ఒకటి ఎంచుకుని చెప్పేస్తుంది.

‘కాలు నొప్పి’ అన్నా ఇదే తంటా. తెలుగులో కాలు తొడ నుంచి వేళ్ళ దాకా. ఇంగ్లీషులో మోకాలి పైనా కిందా ఒక మాట, పాదానికి ఇంకో మాట. విల్లార్డ్ క్వైన్ 1960లో ఒక పుస్తకంలో ఇలాంటి బొమ్మే గీశాడు. ఎవరికీ తెలియని భాష మాట్లాడే చోటికి ఒక పరిశోధకుడు వెళ్తాడు. కుందేలు పరుగెత్తగానే అక్కడి మనిషి ‘గవగాయ్’ అంటాడు. దానికి కుందేలని అర్థమా, కుందేలు శరీరంలో భాగాలనా, కుందేలుతనమనా? వేలుపెట్టి ఎంత చూపించినా ఇది తేలదని క్వైన్ వాదం. అనువాదం ఇదొక్కటే సరైనదని నిరూపించలేమని కూడా అంటాడు. పుస్తకంలో అది గొప్ప వాదమే. పని చేసే గదిలో మాత్రం ‘ఎక్కడో వేలుపెట్టి చూపించండమ్మా’ అంటే చాలావరకు తేలిపోతుంది.

తేలనివి వేరే ఉన్నాయి. ‘కళ్ళు తిరుగుతున్నాయి’ అంటే కనుగుడ్లు తిరుగుతున్నాయని కాదు. ‘తల తిరుగుతోంది’ అన్నా దాదాపు అదే అనుకుంటాం. అయితే మనం ‘కళ్ళు తిరిగి పడిపోయాడు’ అంటాం గానీ ‘తల తిరిగి పడిపోయాడు’ అనడం తక్కువ. స్పృహ తప్పబోతున్నట్టు కళ్ళు చీకట్లు కమ్మడం ఒకటి, గది గిర్రున తిరుగుతున్నట్టు ఉండటం ఒకటి. డాక్టరుకు ఈ తేడా కావాలి. మొదటిదైతే గుండె, రక్తపోటు చూస్తారు. రెండోదైతే చెవిలోని సమతౌల్యం, కొన్నిసార్లు మెదడు చూస్తారు. ఇంగ్లీషులో వాడుక మాట కూడా ఈ రెంటినీ కలిపేస్తుంది, అది వేరే సంగతి.

ఈ తేడా ఏ నిఘంటువులో దొరుకుతుంది? లుడ్విగ్ విట్‌గెన్‌స్టైన్ చివరికి చేరుకున్నది ఇక్కడికే. యవ్వనంలో ఆయన వాక్యాన్ని లోకానికి పటంలా ఊహించి చిన్న పుస్తకం రాశాడు. తరవాత ఆస్ట్రియా పల్లెటూళ్ళలో కొన్నేళ్ళు ఎలిమెంటరీ స్కూలు టీచరుగా పని చేశాడు, పిల్లల కోసం ఒక పదకోశం కూడా 1926లో అచ్చువేశాడు. ఆయన పోయాక 1953లో వచ్చిన రెండో పుస్తకంలో తన పాత ఊహనే తిరగదోడాడు. చాలా సందర్భాల్లో మాట అర్థమంటే దాన్ని జనం వాడే తీరేనన్నాడు. తెలంగాణలో ‘పానం బాగలేదు’ అంటే ఒంట్లో నలతగా ఉందని. కోస్తాలో పుట్టిన ఇంటర్‌ప్రెటర్ దాన్ని ప్రాణాపాయమని చెప్తే అంతా కంగారు పడతారు. ‘వేడి చేసింది’ అంటే జ్వరం కాదు. అది మన ఊరి వైద్యం, మన తిండి, మన ఎండాకాలంతో ముడిపడిన మాట. మామిడిపళ్ళు ఎక్కువ తిన్నవాడి గురించి మా అమ్మ ఆ మాట ఎప్పుడనేదో తెలిసినవాళ్ళకే దాని అర్థం తెలుస్తుంది. నేను దాన్ని అనువదించను. మాట చెప్పి, లక్షణాలేమిటో అడగమని డాక్టరును కోరతాను.

ఈ ప్రశ్నలు మనవాళ్ళకు కొత్తవేం కాదు. పదిహేడో శతాబ్దంలో అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం ఇప్పటికీ న్యాయశాస్త్రానికి మొదటి పాఠ్యపుస్తకం. ఆయన తెలుగువాడని ప్రసిద్ధి. మాటలు వాక్యమై అర్థమివ్వాలంటే మూడుండాలంటాడు. ఒక మాట ఇంకో మాటను కోరుకోవాలి, అది ఆకాంక్ష. మాటల అర్థాలు పొసగాలి, అది యోగ్యత. నిప్పుతో తడుపు అంటే పొసగదు. మాటలు ఎడం లేకుండా రావాలి, అది సన్నిధి. ఒక మాట ఇప్పుడు, ఇంకోటి జాము తరవాత అంటే వాక్యం కాదు. సిగ్నల్ తెగిపోయే వీడియో కాల్‌లో సన్నిధి విలువ బాగా తెలుస్తుంది!

యోగ్యత కుదరనప్పుడు మనసు ముఖ్యార్థం వదిలి వేరే అర్థం వెతుక్కుంటుంది, దాన్ని లక్షణ అన్నారు. గుండె జారడం కుదరదు కాబట్టి ‘గుండె జారింది’ అంటే భయపడ్డాడని తెలుసుకుంటాం. అయితే రెండూ కుదిరే వాక్యాలతోనే ప్రమాదం. ‘పొద్దుట్నుంచీ పనిచేసి చేతులు పడిపోయాయి’ అంటే అలసట. ‘పొద్దున లేచేసరికి చెయ్యి పడిపోయింది’ అంటే పక్షవాతం కావచ్చు. పక్షవాతానికి గడ్డ కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. ఫోనులో ‘చెయ్యి పడిపోయినట్టుందిరా’ అని అమ్మ అంటే, అలసటేమోనని కొడుకు సాయంత్రం దాకా ఆగే అవకాశం ఉంది. విడిమాటలను చూసి ఇది పట్టుకోలేం. ఐదో శతాబ్దపు వాడని చెప్పే భర్తృహరి, అర్థం మాటల కూడిక కాదు, వాక్యమంతా ఒక్కసారిగా స్ఫురిస్తుందని అందుకే వాదించాడు.

ఇక శీర్షికలోని పర్వాలేదు. నొప్పి సున్నా నుంచి పది దాకా ఎంతని నర్సు అడుగుతుంది. పెద్దాయన ‘పర్వాలేదమ్మా’ అంటారు. మాటకు మాట చూస్తే నొప్పి భరించగలిగేలా ఉందని. కానీ ఆయన చెప్తున్నది నొప్పి గురించేనా? పొరుగింటి అమ్మాయిలాంటి నర్సును ఇబ్బంది పెట్టకూడదని, కొడుకు ముందు బెంబేలు పడకూడదని, ఇన్సూరెన్స్ ఎంత కవర్ చేస్తుందోనని, ఇవన్నీ ఆ మాట వెనక ఉంటాయి. పాల్ గ్రైస్ 1967లో హార్వర్డ్‌లో ఇచ్చిన ఉపన్యాసాల్లో ఈ రెండో పొరను విడిగా తీసి చూపించాడు. మాట్లాడుకునేవాళ్ళు పరస్పరం సహకరిస్తున్నారని నమ్మి, అన్నదాన్నిబట్టి అననిదాన్ని లెక్కగడతామన్నాడు. మన అలంకారశాస్త్రంలో దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ ఉంది. ‘సూర్యుడు అస్తమించాడు’ అన్న ఒక్క వాక్యం పశువుల కాపరికి ఇంటికి మళ్ళమని, పూజారికి సంధ్యావందనానికి వేళైందని, దొంగకు పని మొదలుపెట్టమని. తొమ్మిదో శతాబ్దంలో ఆనందవర్ధనుడు ధ్వని అన్నది ఇలా మాట దాటి అందే అర్థాన్నే. నాకు గ్రైస్ కన్నా ఆనందవర్ధనుడే ఈ విషయంలో దగ్గరగా తోస్తాడు. గ్రైస్ లెక్క వినేవాడి తెలివి మీద ఆధారపడుతుంది. ధ్వని అందాలంటే వినేవాడికి కాస్త మనసు కూడా ఉండాలంటారు మనవాళ్ళు.

అయితే నేనేం చేయాలి? ధ్వని నాకు అందింది కదా అని ‘ఆయనకు నొప్పి ఎనిమిది’ అని చెప్పే హక్కు నాకు లేదు. ‘పర్వాలేదన్నారు, ఈ మాట మర్యాదకు కూడా అంటారు, అంకె చెప్పమని మళ్ళీ అడగడం మంచిది’ అంటాను. రెండోసారి అడిగితే చాలాసార్లు అంకె వస్తుంది.

మనకు ఊఁ కొట్టే అలవాటు కూడా ఉంది. ఎదుటివాళ్ళు చెప్తున్నంతసేపూ ‘ఊఁ, ఊఁ’ అంటాం, వింటున్నానని. ఆపరేషన్ ముందు డాక్టరు ప్రమాదాలన్నీ వివరిస్తుంటే అమ్మ ప్రతి వాక్యానికీ ఊఁ కొడుతుంది. డాక్టరుకది ఒప్పుకోలులా వినిపిస్తుంది. జె. ఎల్. ఆస్టిన్ ఉపన్యాసాలు 1962లో పుస్తకంగా వచ్చాయి. మాట్లాడటమంటే సమాచారం చెప్పడమే కాదు, పని చేయడం కూడానని ఆయన అందులో చూపించాడు. మాట ఇవ్వడం, పందెం కాయడం, క్షమించడం, అన్నీ మాటతోనే జరిగే పనులు. ఆ పని నిజంగా జరగాలంటే కొన్ని షరతులు తీరాలి. సమ్మతి అలాంటి పనే. ‘ఊఁ’తో ఆ పని జరగలేదు. అందుకని నేను ‘ఊఁ’ను ఎప్పుడూ ‘ఎస్’గా మార్చను. విన్నట్టు శబ్దం చేశారని చెప్తాను. అప్పుడు డాక్టరు ‘మీకేం అర్థమైందో మీ మాటల్లో చెప్పండి’ అని అడుగుతారు. సగం సందేహాలు బయటికొచ్చేది అక్కడే.

చాలా ఇళ్ళలో ఈ పనంతా పదకొండేళ్ళ మనవరాలి మీద పడుతుంది. ఆ పిల్లకు రెండు భాషలూ వచ్చు కదా అంటారు. పిల్లలకు భాష ఎలా వస్తుందో మీమాంసకులు చెప్పిన కథ ఒకటి ఇక్కడ గుర్తుచేయాలి. ఒక పెద్దాయన ఇంకో పెద్దాయనతో ‘ఆవును తీసుకురా’ అంటాడు, అతను తెస్తాడు. తరవాత ‘ఆవును కట్టు’, ‘గుర్రాన్ని తీసుకురా’ అంటాడు. పక్కనున్న పిల్లవాడు ఏ మాట మారితే ఏ పని మారిందో చూసి ఒక్కో మాటనూ విడదీసుకుంటాడు. అలా తెలిసే అర్థం విడిమాటదా, వాక్యంలో కలిసిన మాటదా అని కుమారిలభట్టు అనుయాయులూ ప్రభాకరుడి అనుయాయులూ తరతరాలు కొట్లాడారు. నన్ను ఆకట్టుకునేది వేరు: పిల్లవాడితో ఎవరూ మాట్లాడటం లేదు. పెద్దవాళ్ళిద్దరూ తమలో తాము మాట్లాడుకుంటున్నారు, వాడు చూస్తున్నాడు.

మన ఇళ్ళలో పిల్లలతో మనం మాట్లాడే తెలుగు ‘తిను, పడుకో, చెప్పులు తీసెయ్’ దగ్గర ఆగుతుంది. ఆలుమగలు తమలో తాము మాట్లాడుకునేది ఇంగ్లీషు కలిపి. ఇద్దరు పెద్దవాళ్ళు ఒంట్లో బాగాలేకపోవడం గురించి, డబ్బు గురించి, చావు గురించి తెలుగులో మాట్లాడుకుంటుంటే పక్కన కూర్చుని వినే అవకాశం ఆ పిల్లకు లేదు. కాబట్టి ‘నీరసం, ఆయాసం, మూత్రం మంట’ ఆమెకు శబ్దాలే. పైగా నానమ్మ తన మనవరాలి ముందు కొన్ని సంగతులు చెప్పదు. క్యాన్సర్ మాట మొదట పలికే బాధ్యత ఆ పిల్లది కాకూడదు కూడా.

అమెరికాలో 1964 పౌరహక్కుల చట్టం, 2010 ఆరోగ్య చట్టంలోని 1557వ సెక్షను ప్రకారం ఫెడరల్ నిధులు తీసుకునే ఆస్పత్రులు ఇంగ్లీషు సరిగా రానివాళ్ళకు ఇంటర్‌ప్రెటర్‌ను ఉచితంగా ఏర్పాటు చేయాలి. అత్యవసరమైతే తప్ప చిన్నపిల్లలతో ఆ పని చేయించకూడదు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగండి. భాష పేరు ‘తెలుగు’ అని స్పష్టంగా చెప్పండి. ఇండియా అనగానే హిందీ అని రాసుకునే డెస్కులు ఇంకా ఉన్నాయి. వెళ్ళేటప్పుడు అమ్మానాన్నల మందుల స్ట్రిప్పులు పారేయకుండా సంచిలో వేసి తీసుకెళ్ళండి. బ్రాండు పేరుతో పాటు వాటి మీద ఉన్న మందు పేరు డాక్టరు చదువుకుంటారు.